మొబైల్ యాప్ స్క్రీన్‌లో ఏది ఎక్కడ పెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు జనం వాడే యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఈ పేజీ. ఉదాహరణలన్నీ ఒకే స్క్రీన్ చుట్టూ తిరుగుతాయి: వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతు వివరాలు ఎక్కించే ఫారం. అందులో రైతు పేరు, మండలం, ఊరు, బస్తాల సంఖ్య, తేమ శాతం, అడుగున నమోదు బటన్ ఉంటాయి. ఇంత చిన్న ఫారంలోనే లేఅవుట్‌లో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఎదురవుతాయి. ఎక్కువ భాగం ఆండ్రాయిడ్ గురించే. అవసరమైన చోట ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు రెండూ చేసే సాధనం), ఐఫోన్ సంగతులు కూడా చెప్పాం.

డిజైన్ ఫైల్‌లో మార్జిన్ 16 అని ఉంది. అది పిక్సెళ్లా, డీపీనా?

డీపీ. ఏ దూరాన్నీ పిక్సెళ్లలో రాయొద్దు. అంగుళానికి 160 చుక్కలుండే తెర మీద ఒక డీపీ అంటే ఒక పిక్సెల్. 320 ఉంటే రెండు, 480 ఉంటే మూడు. డీపీని తెర సాంద్రతతో (అంగుళానికి ఉండే చుక్కలు) గుణించి 160తో భాగిస్తే పిక్సెళ్లు వస్తాయి. 480 సాంద్రత ఉన్న ఫోన్‌లో 16 డీపీ మార్జిన్ 48 పిక్సెళ్లు తీసుకుంటుంది.

లెక్కను తిరగేస్తే తెర వెడల్పు తెలుస్తుంది. 720 పిక్సెళ్ల వెడల్పు, 320 సాంద్రత ఉన్న ఫోన్ 360 డీపీ. 1080 పిక్సెళ్లు, 480 సాంద్రత ఉన్నదీ 360 డీపీయే. 1080కి సాంద్రత 420 అయితే 411 వస్తుంది. అందుకే 360 వెడల్పుతో డిజైన్ మొదలుపెట్టండి. అయితే అక్కడితో ఆగొద్దు. చూపు ఆనని పెద్దమనిషి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే సైజు పెంచుకుంటే అదే 360 ఫోన్ 320 డీపీకి తగ్గిపోవచ్చు. 320లోనూ ఫారం చెదరకూడదు.

అక్షరాల సైజుకు మాత్రం ఎస్పీ వాడాలి. వాడేవాళ్లు ఫాంటు పెంచుకుంటే దానితోపాటు పెరిగేది అదే. రాతకు డీపీ పెట్టి పెరగకుండా ఆపేవాళ్లున్నారు. లేఅవుట్ చెదరకపోవచ్చు గానీ చదవాల్సిన మనిషి చదవలేడు.

ఎడిటర్‌లో మంచిగా కనిపించింది. ఫోన్‌లో పెడితే అన్నీ ఎడమవైపు పై మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎందుకు?

కన్‌స్ట్రెయింట్ లేఅవుట్ అంటే ప్రతిదాన్నీ పక్కదానికో అంచుకో కట్టి నిలిపే పద్ధతి. అందులో వ్యూలను, అంటే పెట్టె, బటన్ లాంటి తెర భాగాలను, మౌస్‌తో లాగి పెట్టారు గానీ దేనికీ కట్టలేదు. ఎడిటర్‌లో కనిపించే ఆ చోటు ఎడిటర్ గుర్తుపెట్టుకున్నదే. ఫోన్‌కు దానితో పనిలేదు. కట్టు లేని వ్యూ ఫోన్‌లో సున్నా, సున్నా దగ్గరికి, అంటే పై ఎడమ మూలకు వెళ్తుంది. కోడ్ పక్కన ఎర్ర హెచ్చరిక వస్తూనే ఉంటుంది, దాన్ని దాటేయొద్దు.

ప్రతి వ్యూకూ అడ్డంగా కనీసం ఒకటి, నిలువుగా కనీసం ఒకటి కట్టు ఉండాలి. మన ఫారంలో రైతు పేరు పెట్టెను ఇలా కడతాం: మొదలు అంచు పేరెంట్ (వ్యూలన్నీ ఉండే బయటి పెట్టె) మొదలుకు, చివర అంచు పేరెంట్ చివరకు, పై అంచు శీర్షిక అడుగుకు. వెడల్పు 0 డీపీ. ఇక్కడ సున్నా అంటే "రెండు కట్ల మధ్య ఉన్న జాగా అంతా తీసుకో" అని. మండలం పెట్టె పై అంచును రైతు పేరు పెట్టె అడుగుకు, ఊరు పెట్టెను మండలం అడుగుకు కట్టండి. ప్రతి పెట్టెనూ పేరెంట్ పై అంచుకే కట్టి 80, 160, 240 అని మార్జిన్‌లు పెంచుకుంటూ పోతే, పై పెట్టెలో రాత రెండో లైనుకు రాగానే కింద పెట్టె దానిమీద ఎక్కి కూర్చుంటుంది.

పక్కపక్కన ఉండే రెండు చిన్న పెట్టెలకు, ఉదాహరణకు బస్తాల సంఖ్య, తేమ శాతం, చైన్ వేయండి, అంటే ఒకదానికొకటి కట్టండి. రెండిటికీ వెడల్పు 0 డీపీ, మధ్య 8 లేదా 12 డీపీ ఖాళీ. లేబుల్ ఎడమన, పెట్టె కుడిన ఉండే పద్ధతే కావాలంటే బారియర్ వాడాలి; లేబుళ్లలో ఏది పొడవైతే దాని తర్వాతే పెట్టెలన్నీ మొదలవుతాయి. ఫోన్‌లో మాత్రం లేబుల్‌ను పెట్టె పైనే పెట్టమని మా సలహా. 360 డీపీలో లేబుల్‌కు 120 పోతే, తెలుగు రాయడానికి మిగిలే జాగా సరిపోదు.

లీనియర్, రిలేటివ్, కన్‌స్ట్రెయింట్, కంపోజ్: వీటిలో ఏది వాడాలి?

కొత్త యాప్ అయితే జెట్‌ప్యాక్ కంపోజ్, అంటే స్క్రీన్‌ను కోడ్‌లోనే రాసే పద్ధతి. స్క్రీన్‌లను ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో రాసిన పాత యాప్‌ను సరిచేస్తుంటే, పై నుంచి కిందికి పేర్చే మామూలు ఫారానికి లీనియర్ చాలు, చిక్కుగా ఉంటే కన్‌స్ట్రెయింట్. రిలేటివ్‌తో కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు.

తెలుగు అక్షరాలు పైనా కిందా తెగిపోతున్నాయి. ఇంగ్లీషులో బాగానే ఉంది కదా?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: పెట్టె ఎత్తును ఎవరో అంకెగా బిగించారు.

తెలుగు లైనుకు ఇంగ్లీషు లైను కంటే ఎక్కువ ఎత్తు కావాలి. తలకట్టు, గుడి, ఏత్వం పైకి లేస్తాయి. వత్తులు కిందికి దిగుతాయి. "లక్ష్మి" అని రాసి చూడండి: పైన గుడి, కింద షవత్తు, మవత్తు. "రాష్ట్రం"లో రెండు వత్తులు. 40 డీపీ ఎత్తు బిగించిన బటన్‌లో ఇంగ్లీషు మాట హాయిగా కూర్చుంటుంది. అదే బటన్‌లో తెలుగు పెట్టి, ఫాంటు ఒక మెట్టు పెంచితే వత్తు అడుగు అంచు కింద మాయమవుతుంది. వత్తు పోతే పేరే మారిపోతుంది. రసీదు మీద రైతు పేరు తప్పుగా చదువుతారు.

చేయాల్సింది: ఎత్తుకు రాప్ కంటెంట్ (లోపలి రాతకు తగ్గట్టు పెరిగేది) ఇచ్చి, కనీస ఎత్తు మాత్రం 48 డీపీ పెట్టండి. లోపల పైనా కిందా 8 నుంచి 12 డీపీ ప్యాడింగ్ ఉంచండి. 16 ఎస్పీ తెలుగు రాతకు లైను ఎత్తు 24 నుంచి 26 ఎస్పీ ఇవ్వండి, అంటే ఒకటిన్నర రెట్లు. ఫ్లట్టర్‌లో టెక్స్ట్ స్టైల్ హైట్‌ను 1.0 అని పెడితే తెలుగు లైన్లు ఒకదాన్నొకటి తాకుతాయి, 1.5 పెట్టండి. ఫాంటు చుట్టూ ఉండే ఖాళీని తీసేసే ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయడం ఇంగ్లీషు డిజైన్‌ల నుంచి కాపీ అయి వస్తుంటుంది, తెలుగు స్క్రీన్‌లో దాన్ని తొలగించండి. అక్షరాల మధ్య అదనపు ఎడం కూడా సున్నా చేయండి. పెద్ద అక్షరాల ఇంగ్లీషు బటన్‌కు ఆ ఎడం అందం, తెలుగులో మాట అతుకు ఊడినట్టు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. యాప్ టార్గెట్‌ను (ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ పద్ధతుల ప్రకారం నడవాలో చెప్పే అంకె) ఆండ్రాయిడ్ 15కు, అంటే ఏపీఐ 35కు మార్చగానే ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే గుణం దానంతటదే ఆన్ అవుతుంది. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం లాంటి లిపులకు ఎత్తు ఎక్కువ ఇచ్చే ఏర్పాటు అది. మేలే జరుగుతుంది, కానీ లైన్లు కొంచెం పెరిగి, ఎత్తు బిగించిన పాత స్క్రీన్‌లలో కొత్తగా తెగుళ్లు బయటపడతాయి. టార్గెట్ మార్చిన రోజే తెలుగు స్క్రీన్‌లన్నీ ఒకసారి తిరగేయండి.

తెలుగు మాటలు పొడవుగా ఉండి బటన్‌లో పట్టడం లేదు. చివర మూడు చుక్కలు పెడితే సరిపోదా?

ఊరి పేర్లకు అసలు పెట్టొద్దు. నల్లగొండ జిల్లాలో పెద్దవూర ఉంది, పెద్దఅడిశర్లపల్లి ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో పెద్దకొత్తపల్లి ఉంది. ఇరుకు పెట్టెలో చుక్కలు పెడితే మూడూ "పెద్ద..." అనే కనిపిస్తాయి. ఎంచుకునేవాళ్లకు ఏది ఏదో తెలియదు, తప్పు మండలం కింద బస్తాలు ఎక్కుతాయి. పేరును రెండో లైనుకు రానివ్వండి, వరుస ఎత్తు దానికి తగ్గట్టు పెరగనివ్వండి. డిజైన్ చేసేటప్పుడు నమూనా పేరుగా గద్వాల వైపు "గట్టు" పెట్టుకుంటే ఏ పెట్టె అయినా సరిపోతుంది. "పెద్దఅడిశర్లపల్లి" పెట్టుకుని చూడండి.

బటన్ల సంగతి లెక్కేసి చూద్దాం. 360 డీపీ తెరలో రెండు పక్కలా 16 చొప్పున, మధ్య 8 పోతే 320 మిగులుతుంది. ఒక్కో బటన్‌కు 160. లోపల రెండువైపులా 24 చొప్పున ప్యాడింగ్ పోతే రాతకు మిగిలేది 112. "రద్దు చేయండి", "నమోదు చేయండి" మామూలు సైజులో పడితే పడొచ్చు. ఫాంటు పెంచగానే విరుగుతాయి. దీనికి రెండు దారులు: మాట కుదించి "రద్దు", "నమోదు" అనండి, లేదా బటన్లను ఒకదాని కింద ఒకటి పూర్తి వెడల్పుతో పెట్టండి. రెండోదే గట్టిది. ఫాంటును కుదించి ఇరికించే దారి వద్దు.

కీబోర్డు పైకి రాగానే తేమ శాతం పెట్టె, నమోదు బటన్ దాని కిందికి పోతున్నాయి.

మూడు పనులు కలిపి చేయాలి, ఒక్కటి చేస్తే కుదరదు.

మొదటిది, ఫారం మొత్తం స్క్రోల్ అవ్వాలి. తెరలో అన్నీ పడుతున్నాయని స్క్రోల్ మానేస్తే, కీబోర్డు వచ్చాక సగం తెర పోతుంది, లోపలి పెట్టెలు జరగడానికి దారి ఉండదు. రెండోది, మానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైల్) ఆ యాక్టివిటీకి, అంటే ఆ స్క్రీన్‌కు, సాఫ్ట్ ఇన్‌పుట్ మోడ్‌ను అడ్జస్ట్ రీసైజ్ చేయండి. అడ్జస్ట్ ప్యాన్ పెడితే స్క్రీన్ మొత్తం పైకి జరిగి, పై శీర్షిక కనబడకుండా పోతుంది. మూడోది, కీబోర్డు ఎత్తును సిస్టమ్‌నే అడిగి అంత ఖాళీ వదలండి. ఆ ఎత్తు ఫోన్‌కు, కీబోర్డుకు మారుతుంది. 300 డీపీ అని రాసిపెట్టుకోవద్దు.

కంపోజ్‌లో దీనికి ఐఎంఈ ప్యాడింగ్ ఉంది; ఐఎంఈ అంటే ఇక్కడ కీబోర్డే. వరుస ముఖ్యం: ముందు ఐఎంఈ ప్యాడింగ్, తర్వాత వర్టికల్ స్క్రోల్. అప్పుడు స్క్రోల్ అయ్యే కిటికీయే చిన్నదై, టైప్ చేస్తున్న పెట్టె కంటికి ఎదురుగా వస్తుంది. స్కాఫోల్డ్ (పై బార్, లోపలి కంటెంట్ అమర్చే స్క్రీన్ చట్రం) లోపల ఇదే రాస్తే ఒక్కోసారి కీబోర్డు పైన బోలెడు తెల్ల జాగా వస్తుంది. నావిగేషన్ బార్ ఎత్తును స్కాఫోల్డ్ ఒకసారి, ఐఎంఈ ప్యాడింగ్ ఇంకోసారి లెక్కలోకి తీసుకున్నాయన్నమాట. ముందు స్కాఫోల్డ్ ఇచ్చిన ప్యాడింగ్ పెట్టి, వెంటనే కన్‌జ్యూమ్ విండో ఇన్‌సెట్స్‌కు దాన్నే ఇచ్చి, ఆ తర్వాత ఐఎంఈ ప్యాడింగ్ రాస్తే సర్దుకుంటుంది.

ఫ్లట్టర్‌లో స్కాఫోల్డ్ తనే కుంచించుకుంటుంది. ఎవరో ఎర్రర్ పోవాలని రీసైజ్ టు అవాయిడ్ బాటమ్ ఇన్‌సెట్‌ను ఫాల్స్ చేసి ఉంటే తిరిగి ట్రూ చేయండి.

బస్తాలకు అంకెల కీబోర్డు, తేమకు దశాంశం ఉన్న అంకెల కీబోర్డు ఇవ్వండి. మద్దతు ధరకు వడ్లలో తేమ పరిమితి 17 శాతం. కాంటా దగ్గర 16.8కీ 17.2కీ తేడా ఉంది. చుక్క లేని కీబోర్డు ఇస్తే ఆ తేడా నమోదు కాదు.

ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో పై బార్ గడియారం, బ్యాటరీ గుర్తుల కిందికి దూరింది. మేమేమీ మార్చలేదే?

టార్గెట్‌ను 35 చేసి ఉంటారు. అక్కడి నుంచి ఆండ్రాయిడ్ 15లో యాప్ తెర అంచు నుంచి అంచు దాకా పరుచుకుంటుంది. దాన్ని తాత్కాలికంగా ఆపే వీలు ఒకటుంది. టార్గెట్ 36 అయ్యాక ఆండ్రాయిడ్ 16లో ఆ వీలూ పనిచేయదు. కాబట్టి వాయిదా వేయకుండా సరిచేయండి.

సూత్రం తేలికే. రంగు, బొమ్మ లాంటి నేపథ్యం అంచుల దాకా పోవచ్చు. చదివేవి, నొక్కేవి మాత్రం లోపలికి జరగాలి. ఎంత జరగాలో సిస్టమ్ బార్ ఇన్‌సెట్లు, అంటే ఆ బార్‌లు ఆక్రమించే కొలతలు, చెబుతాయి. ఎక్స్‌ఎంఎల్‌లో వ్యూకంపాట్ ద్వారా ఇన్‌సెట్ లిజనర్ పెట్టి ఆ అంకెలను ప్యాడింగ్‌గా ఇవ్వాలి. కంపోజ్‌లో మెటీరియల్ 3 స్కాఫోల్డ్, టాప్ బార్ తామే చూసుకుంటాయి, స్కాఫోల్డ్ ఇచ్చిన ప్యాడింగ్‌ను మీరు లోపలి కంటెంట్‌కు వాడితే చాలు. దాన్ని వాడకుండా వదిలేయడమే మామూలుగా జరిగే తప్పు. ఫ్లట్టర్‌లో సేఫ్ ఏరియా. ఐఫోన్‌లోనూ సేఫ్ ఏరియాయే. హోమ్ బటన్ లేని మోడళ్లలో నిలువుగా పట్టుకున్నప్పుడు అడుగున 34 పాయింట్లు దానికి పోతాయి. స్టేటస్ బార్ 24 డీపీ అని గుడ్డిగా రాసిన కోడ్ ఎక్కడున్నా తీసేయండి. కెమెరా రంధ్రం ఉన్న ఫోన్లలో అది నిలబడదు.

నొక్కే బటన్ ఎంత పెద్దగా ఉండాలి?

ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ పొడవు, 48 డీపీ వెడల్పు. అంటే అంగుళంలో 0.3 వంతు, దాదాపు 7.6 మిల్లీమీటర్లు. ఆపిల్ 44 పాయింట్లు అంటుంది. కనిపించే గుర్తు 24 డీపీ ఉన్నా ఫరవాలేదు, చుట్టూ 12 చొప్పున ప్యాడింగ్ ఇస్తే నొక్కే జాగా 48 అవుతుంది. మార్జిన్ ఇస్తే అవ్వదు: మార్జిన్ వ్యూ బయట ఉంటుంది, అక్కడ తాకితే ఏమీ జరగదు.

మా ఫారం వాడేవాళ్ల చేతులకు దుమ్ము, ఒక చేతిలో తేమ మీటరు. అందుకని ముఖ్యమైన నమోదు బటన్ 56 డీపీ చేయండి. రైతుల జాబితాలో పక్కనున్న చిన్న బాణం మీదే కాకుండా వరుస మొత్తం మీద ఎక్కడ తాకినా తెరుచుకోవాలి. తొలగించే గుర్తును, సవరించే గుర్తును పక్కపక్కన పెట్టొద్దు. 8 డీపీ ఎడం నియమం ప్రకారం సరే, పని ప్రకారం చాలదు. తొలగింపును లోపలి పేజీలోకి పంపండి.

ముఖ్యమైన బటన్ పైన పెట్టాలా, కింద పెట్టాలా?

కింద. ఒంటి చేత్తో పట్టుకుంటే బొటనవేలు హాయిగా చేరేది అడుగు సగమే. మరీ అంచుకు అంటించొద్దు. సైగలతో నడిచే ఫోన్లలో అక్కడి నుంచి పైకి తోస్తే యాప్ వదిలి హోమ్ తెరకు పోతుంది. ఎడమ, కుడి అంచుల నుంచి లోపలికి లాగితే వెనక్కి పోతుంది కాబట్టి అడ్డంగా జరిపే స్లైడర్‌నూ అంచుకు పెట్టొద్దు.

జాబితా పేజీలో తేలే గుండ్రని ప్లస్ బటన్ ఒక చిక్కు తెస్తుంది. అది 56 డీపీ, అంచు నుంచి 16 ఎడం. జాబితా చివరి దాకా జరిపాక ఆఖరు రైతు వరుస కుడి చివర సరిగ్గా దాని కింద పడుతుంది, ఆ చివరే కదా మనం క్వింటాళ్లు రాసేది! జాబితాకు అడుగున 88 డీపీ ప్యాడింగ్ ఇచ్చి, క్లిప్ టు ప్యాడింగ్ ఫాల్స్ చేయండి. ఆఖరు వరుస బటన్ పైకి వచ్చి ఆగుతుంది.

ఫ్లట్టర్‌లో పసుపు, నలుపు చారలు వస్తున్నాయి. ఏంటవి?

రో లేదా కాలమ్ లోపల పెట్టినవాటికి జాగా చాలలేదు. చారలు డీబగ్‌లోనే కనిపిస్తాయి. రిలీజ్‌లో చారలు పోతాయి, కానీ జాగా అప్పుడూ చాలదు, రాత బయటికి పోయి తెగుతుంది. రో లోపల పొడవు పెరిగే రాతను ఎక్స్‌పాండెడ్‌లో చుట్టండి. నిలువుగా వస్తే సింగిల్ చైల్డ్ స్క్రోల్ వ్యూ. కాలమ్‌లో లిస్ట్ వ్యూ పెట్టి "అన్‌బౌండెడ్ హైట్" అని ఎర్రర్ వస్తే లిస్ట్ వ్యూను ఎక్స్‌పాండెడ్‌లో పెట్టండి. ష్రింక్ రాప్ ట్రూ చేసినా ఎర్రర్ పోతుంది గానీ వరుసలన్నిటినీ ఒకేసారి లెక్కకడుతుంది. వందల మంది రైతులుంటే చౌక ఫోన్‌లో స్క్రోల్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది.

ఉర్దూలో కూడా ఇవ్వాలి. అన్నీ మళ్లీ చేయాలా?

మొదటి నుంచి లెఫ్ట్, రైట్ కాకుండా స్టార్ట్, ఎండ్ రాసి ఉంటే చాలావరకు అక్కర్లేదు. తెలంగాణ మొత్తంలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష; మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లో వాడేవాళ్లు ఎక్కువ. కాబట్టి ఇది తర్వాత చూద్దాం అనుకునే పని కాదు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాసే లిపి, దాన్నే ఆర్టీఎల్ అంటారు; మానిఫెస్ట్‌లో సపోర్ట్స్ ఆర్టీఎల్ ట్రూ ఉండాలి. ఫ్లట్టర్‌లో ఎడ్జ్ ఇన్‌సెట్స్ డైరెక్షనల్ వాడండి. వెనక్కి పోయే బాణం తిరగాలి. గడియారం గుర్తు, ఫోన్ నంబర్ తిరగకూడదు. ఉర్దూ రాసే నస్తాలీక్ శైలి ఫాంటు వాడితే లైను ఎత్తు తెలుగు కంటే కూడా ఎక్కువ ఇవ్వాలి. ఎత్తులు బిగించకపోతే ఇక్కడా కలిసొస్తుంది.

ఎండలో స్క్రీన్ కనబడదు. లేఅవుట్‌తో ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. కళ్లంలో మధ్యాహ్నం ఒక డీపీ బూడిద గీత కనిపించదు. రైతు వివరాలకు, తూకం వివరాలకు మధ్య గీత గీయడం బదులు 24 డీపీ ఖాళీ వదలండి. ఒక గుంపు లోపల 8 నుంచి 12 ఉంచండి. ఆ తేడాతోనే ఏది దేనికి చెందిందో తెలుస్తుంది. లేబుల్ రంగుకూ నేపథ్యానికీ కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలి.

టాబ్లెట్ మీద ఫారం పక్కలకు సాగిపోతోంది.

వెడల్పు 600 డీపీ దాటితే ఫారానికి గరిష్ఠ వెడల్పు 560 దాకా పెట్టి మధ్యలో నిలపండి. 840 దాటితే ఎడమ జాబితా, కుడి ఫారం పెట్టొచ్చు.

విడుదలకు ముందు ఏమేం చూడాలి?

ఒకే ఫోన్‌తో చాలావరకు అయిపోతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో స్మాలెస్ట్ విడ్త్‌ను 320 చేయండి. ఫాంటు సైజు ఉన్నంతలో చివరి మెట్టుకు పెంచండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అది 200 శాతం దాకా పోతుంది. భాష తెలుగు. ఈ మూడూ కలిపి పెట్టి ఫారం తెరిచి, రైతు పేరు లక్ష్మి, మండలం పెద్దఅడిశర్లపల్లి ఎక్కించి, కీబోర్డు తెరిచే ఉంచి నమోదు దాకా చేరగలరేమో చూడండి. తర్వాత భాష ఉర్దూకు మార్చి మళ్లీ చూడండి. ఆపైన సైగల నావిగేషన్ తీసేసి మూడు బటన్లది పెట్టండి. చాలామంది ఇంకా అదే వాడతారు, అది అడుగున ఎక్కువ జాగా తింటుంది. ఏ వ్యూ ఎంత జాగా తీసుకుందో తెలియాలంటే అక్కడే షో లేఅవుట్ బౌండ్స్ ఆన్ చేస్తే అంచులన్నీ గీతలుగా కనిపిస్తాయి.

డిజైనర్ ఇచ్చిన బొమ్మకూ ఫోన్‌లో వచ్చినదానికీ 3, 4 డీపీ తేడా ఉంది. ఎక్కడ పోయింది?

రాత చుట్టూ ఫాంటు తెచ్చుకునే ఖాళీలో. డిజైన్ ఫైల్‌లో వాడిన ఫాంటు, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటు ఒకటి కాకపోతే లైను ఎత్తులు కలవవు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఒకే ఫాంటును రెండు చోట్లా పెట్టి, లైను ఎత్తు రెండు చోట్లా అంకెగా చెబితే తేడా పోతుంది. ఆ తేడా పూడ్చడానికి మైనస్ మార్జిన్ ఇవ్వొద్దు. ఫాంటు పెంచుకున్న ఫోన్‌లో ఆ మైనస్సే వత్తులను పక్క వ్యూ కిందికి తోస్తుంది.